గంటలో వండలేనివి

వంటల పోటీ నడుస్తున్న టీవీ ముందు ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అనే మాట ఒకటుంది: ‘ఇదంతా ముందే అనుకున్న నాటకం.’ జడ్జి కళ్లు మూసుకుని ముద్ద నమిలే తీరు, చివరి పది సెకన్లలో దడదడలాడే సంగీతం, ప్రకటనలకు సరిగ్గా ముందు అడుగంటే గిన్నె, ఇవన్నీ చూశాక అనుమానం రాకపోతేనే ఆశ్చర్యపడాలి. అయితే ఆ అనుమానం వెళ్లవలసిన చోటికి వెళ్లడం లేదని నాకనిపిస్తుంది. ఎవరు గెలుస్తారో ముందే రాసిపెట్టారా లేదా అన్నది స్టూడియో వంటగదిలో చిన్న ప్రశ్న. పెద్ద ప్రశ్న గోడ మీది గడియారానిది. పోటీదారులకు ఇచ్చిన గంట నిజంగా గంటే కావచ్చు. కానీ దానికి ముందు గడిచిన గంటలనూ తరువాత గడిచిన గంటలనూ కత్తిరించి పారేసి, వంట అంటే ఈ ఒక్క గంటేనని చూపించడంలో ఉంది అసలు కనికట్టు. దాని ఫలితం ఏమిటంటే, గంటలో వండలేని వంటలన్నీ పోటీ మొదలుకాక ముందే ఓడిపోతాయి. అలా ఓడిపోయేవాటిలో మన వంటలే ఎక్కువ.

ముందు నాటకం అనే ఆరోపణ సంగతి తేల్చేద్దాం. అమెరికాలో 1950లలో టీవీ క్విజ్ పోటీల మీద జనానికి వెర్రి మోజుండేది. ‘ట్వంటీ వన్’ అనే కార్యక్రమంలో వారాల తరబడి గెలిచి ఇంటింటా పేరు తెచ్చుకున్న చార్లెస్ వాన్ డోరెన్ అనే యూనివర్సిటీ అధ్యాపకుడు, తనకు జవాబులు ముందే అందాయని 1959లో అక్కడి కాంగ్రెస్ విచారణలో ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాదే కమ్యూనికేషన్స్ చట్టాన్ని సవరించి, ఇటువంటి పోటీల ఫలితాన్ని ముందే నిర్ణయించి ప్రేక్షకులను మోసగించడాన్ని నేరం చేశారు. అందుకే అక్కడి పోటీల నిర్మాతలు ఈ విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటారు. ‘టాప్ షెఫ్’ చివర్లో గబగబా పైకి పాకిపోయే అక్షరాల్లో, ఎవరిని గెలిపించాలో ఎవరిని పంపించాలో జడ్జీలు నిర్మాతలతో సంప్రదించి నిర్ణయించారని ఒక వాక్యం కనిపిస్తుంది. సంప్రదించి అన్న మాట చూసి ముక్కున వేలేసుకునేవాళ్లు వేసుకోవచ్చు, కానీ దాచకుండా చెప్పారు కదా. ఇక్కడ గమనించవలసింది వేరే ఉంది. చట్టం ఫలితం జోలికి మాత్రమే వెళ్తుంది. తెర మీద ఏది ఎంతసేపు కనిపించాలో, ఏ నిమిషం తరువాత ఏ నిమిషం రావాలో చెప్పే చట్టం లేదు.

‘చేతులు పైకెత్తండి’ అన్న తరువాత ఏం జరుగుతుందో చూడండి. తెర మీద మరుక్షణమే జడ్జి చెంచా పళ్లెంలోకి దిగుతుంది. స్టూడియోలో అలా జరగదు. పళ్లేలను ముందు కెమెరా కోసం నిలబెట్టాలి, దగ్గరి నుంచి, పై నుంచి, తిప్పి తిప్పి తీయాలి. లైట్లు మార్చాలి. పోటీదారులు ఒక్కొక్కరే వచ్చి నిలబడాలి, ఒక్కొక్కరి దగ్గరా మాటలు, మౌనాలు, కన్నీళ్లు, మళ్లీ తీయడాలు. పది పన్నెండు మంది వంటలు రుచి చూసే ఘట్టం ముగిసేసరికి గంటలు గడుస్తాయి. ఆఖరివాడి పళ్లెం జడ్జి ముందుకు వచ్చేటప్పటికి అందులో పొగలు కక్కడానికి ఏమీ మిగలదు. కాబట్టే మాస్టర్‌షెఫ్ జడ్జీలు వంట జరుగుతుండగానే బల్లల మధ్య తిరుగుతూ గిన్నెల్లోంచి వేడివేడిగా రుచి చూసి మనసులో లెక్క వేసుకుంటారు. మనం ముఖకవళికలు వెతుక్కుంటూ ఊపిరి బిగబట్టి చూసే ఆ చివరి ముద్ద చాలావరకు చల్లారిపోయిన ముద్ద. ఇక ‘ఇప్పుడు నా గుండె దడదడ కొట్టుకుంటోంది’ అని పోటీదారు కెమెరాతో చెప్పుకునే ఏకాంతపు మాటలున్నాయే, అవి వంట అయిపోయాక వేరే గదిలో కూర్చోబెట్టి తీసినవి. అయిపోయినదాన్ని అవుతున్నట్టుగా చెప్పించడం అక్కడి మామూలు పద్ధతి.

గడియారం మొదలుకాక ముందు జరిగేది ఇంకా పెద్ద కథ. బ్రిటన్‌లో 2010 నుంచి వస్తున్న ‘గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్’లో ప్రతి పోటీదారు ఓవెన్‌లోనూ ముందుగా ఒక విక్టోరియా స్పాంజ్ కేకు కాల్చి చూస్తారు. ఓవెన్ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కాలుస్తోందేమో పరీక్షించడానికి. ఆ కేకులు కాల్చేవాళ్ల ముఖాలు మనం చూడం. పోటీదారులకు ఇవ్వబోయే వంటకాన్ని ముందే వండి, ఇంత సమయంలో అవుతుందా కాదా అని తేల్చేవాళ్లు ఉంటారు. సరుకుల గదిలో కొత్తిమీర కట్ట వాడిపోకుండా, పాలు విరగకుండా చూసేవాళ్లు, ప్రతి బల్ల మీదా నూనె సీసా నిండుగా ఉంచేవాళ్లు ఉంటారు. అన్నిటికీ మించి అంట్లు తోమేవాళ్లు ఉంటారు. జపాన్‌లో ఫుజీ టీవీ 1993లో మొదలుపెట్టిన ‘ఐరన్ షెఫ్’ను తీసుకోండి. వంటల పోటీని కుస్తీ గోదాలా మార్చింది అదే. ముసుగు తీసి ‘ఇదీ ఈ రోజు సరుకు’ అని ప్రకటించగానే ఇద్దరు మహావంటగాళ్లు గంటలో నాలుగైదు వంటకాలు చేసేసేవారు. ఆ సరుకు ఫలానా వాటిలో ఒకటి కావచ్చన్న చిన్న జాబితా వాళ్లకు ముందే అందేది, ఇద్దరేసి సహాయకులు పక్కనే ఉండేవారు. ఆ మాత్రం లేకుండా గంటలో అన్ని వంటకాలు ఎవరి వల్లా కావు. ఇందులో దొంగతనమేమీ లేదు. కానీ వంటలో సగం పాళ్లు ఆ జాబితా చూసుకుని ఆలోచించుకున్న రోజుల్లోనే జరిగిపోయింది. దాన్ని మనకు చూపించలేదు.

ఈ కనిపించని పనిని అంకెల్లో లెక్కగట్టనక్కరలేదు. ఏ ఇంట్లోనైనా వండే మనిషిని అడిగితే చెబుతారు. పొయ్యి ముందు నిలబడేది కొద్దిసేపు. సరుకు చూసి తెచ్చుకోవడం, ఆకు కూర ఒలుచుకోవడం, పప్పు నానబెట్టడం, రేపటికి పిండి రుబ్బుకోవడం, పాలకు తోడు వేయడం, తిన్నాక అంట్లు తోమి గట్టు తుడవడం, మిగిలిన అన్నం ఏం చేయాలో ఆలోచించడం, ఇదంతా కలిస్తే వంట. పోటీ కార్యక్రమం ఇందులోంచి పొయ్యి ముందు గంటను మాత్రం విడదీసి దాని మీద లైట్లు వేసింది. తక్కినదంతా కెమెరా వెనక్కు నెట్టి జీతగాళ్లకు అప్పజెప్పింది. స్టూడియోలో ఆ పనికి జీతమైనా ఉంది. ఇంట్లో అదీ లేదు, ఎవరి కంటికీ ఆనదు. ఆదివారం నాడు ఒక స్పెషల్ వండి, వంటింటిని కురుక్షేత్రం చేసి, చేతులు కడుక్కుని బయటికొచ్చి మెప్పు కోసం చూసే మగవాళ్లను టీవీయే తయారుచేసిందని అనను. వాళ్లు టీవీ రాకముందూ ఉన్నారు. కానీ వంటంటే ఆ గంట ప్రదర్శనేనన్న వాళ్ల నమ్మకానికి ఇప్పుడు టీవీ సాక్ష్యం కూడా దొరికింది.

విచిత్రమేమిటంటే, పోటీలు రాకముందు వచ్చిన పాత వంటల కార్యక్రమాలు కాలం విషయంలో ఇంతకంటే నిజాయితీగా ఉండేవి. 1963లో అమెరికాలో బోస్టన్ టీవీ కేంద్రం నుంచి జూలియా చైల్డ్ ‘ద ఫ్రెంచ్ షెఫ్’ మొదలుపెట్టింది. ఎడిటింగ్ ఖరీదైన పని కాబట్టి అరగంటా ఏకబిగిన తీసేవారు. మూడు గంటలు ఉడకవలసిన మాంసాన్ని అరగంటలో ఎలా చూపిస్తారు? పచ్చిది ఒకటి, సగం ఉడికింది ఒకటి, పూర్తయింది ఒకటి, వేర్వేరు గిన్నెల్లో ముందే సిద్ధంగా పెట్టుకునేది. ఒకటి తీసి ఒకటి పెడుతూ, ఇది ఇంతసేపు ఉడికాక ఇలా అవుతుందని చెప్పేది. బంగాళాదుంపల అట్టు తిరగేయబోతే చెదిరి పొయ్యి మీద పడితే, ఆ ముక్కలు ఏరి పెనంలో వేసుకుని ముందుకు సాగిపోయింది, అదీ ప్రసారమైంది. మన దేశంలో 1993లో సంజీవ్ కపూర్ ‘ఖానా ఖజానా’ వచ్చినా, తరువాత తెలుగు చానళ్లలో మధ్యాహ్నం పూట వంటల కార్యక్రమాలు వచ్చినా, ‘ముందుగా నాలుగు గంటలు నానబెట్టుకున్న శనగపప్పు’ అనే మాట వినని ఎపిసోడ్ ఉండేది కాదు. గిన్నెలు మార్చడం మోసమే అనుకుంటే అది చెప్పి చేసిన మోసం. అక్కడ కాలాన్ని తగ్గించి చూపారు, కానీ లేదని అనలేదు. ఇంట్లో చేసుకోబోయేవాళ్లకు ఎంతసేపు పడుతుందో తెలిసేది.

మరి పోటీలకు గడియారం ఎందుకు కావలసి వచ్చింది? టీవీకి నాలుక లేదు, ముక్కు లేదు. ఇంగువ పోపు వాసన గానీ, కొత్త చింతపండు పులుపు గానీ తెర దాటి రాదు. పాటల పోటీలో అపస్వరం వచ్చిందో లేదో మన చెవే చెబుతుంది. వంటల పోటీలో ఆ అవకాశం లేదు, జడ్జి చెప్పిందే వేదం. చూసేవాడు స్వయంగా కొలవగలిగింది ఏదో ఒకటి ఉంటే తప్ప పోటీ రక్తి కట్టదు. ఆ ఒక్కటీ కాలం. అంకెలు తగ్గిపోతుంటే ఎవరికైనా అర్థమవుతుంది. రుచిని చూపించలేని మాధ్యమం తొందరను చూపిస్తుంది. తొందర చూపించాలన్నప్పుడు కత్తిరింపు ఎంత పని చేస్తుందో బేక్ ఆఫ్‌లోనే 2014లో తేలింది. ఎండ కాస్తున్న రోజున ఐస్‌క్రీమ్‌తో చేసే బేక్డ్ అలాస్కా పెట్టారు. ఒకాయన ఐస్‌క్రీమ్‌ను ఇంకొకామె ఫ్రీజర్ లోంచి బయటికి తీసినట్టు, అది కరిగిపోయినట్టు, ఆయన కోపంతో మొత్తాన్ని చెత్తబుట్టలో పడేసి బయటికి వెళ్లిపోయినట్టు చూపించారు. దేశమంతా గొడవ. వందలకొద్దీ ఫిర్యాదులు. ఆ ఐస్‌క్రీమ్ బయట ఉన్నది 40 సెకన్లేనని జడ్జి పాల్ హాలీవుడ్ తరువాత వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఎవరి తప్పు ఎంతో తేల్చడం నా పని కాదు. చూసిన లక్షల మందికి మాత్రం అది 40 సెకన్లని తెలిసే దారి లేదు.

ఇంతవరకు చెప్పింది టీవీ సంగతి. అసలు నష్టం వంటకు. గడియారం తటస్థమైన అంపైర్ అనుకుంటాం, కాదు. గంటలో అయ్యేవి కొన్ని వంటలే. మాంసం ముక్కను పెనం మీద కాల్చడం, చేప చర్మాన్ని కరకరలాడించడం, వెన్నతో సాస్ మరిగించడం, పాస్తా చుట్టడం, పళ్లెంలో అందంగా సర్దడం, ఇవి గంటలో అందంగా కుదురుతాయి. వేగంగా, ఎక్కువ మంట మీద, ఒక్కొక్కరికి ఒక పళ్లెం చొప్పున వడ్డించే ఐరోపా రెస్టారెంటు వంటకు ఈ కొలత అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే ఈ కొలత ఆ వంట నుంచే వచ్చింది. నానడం, పులియడం, ఊరడం, మగ్గడం, ఎండడం మీద నడిచే వంటలకు ఇందులో చోటు లేదు. స్టూడియోలు కొన్ని అడ్డదారులు కనిపెట్టాయి. మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతే, ప్రెషర్ కుక్కర్‌లో దాదాపు 120 దాకా వెళ్తుంది కాబట్టి గట్టి మాంసమూ త్వరగా మెత్తబడుతుంది. ఐస్‌క్రీమ్ గడ్డకట్టించడానికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ ఉంది. వేడిని క్షణాల్లో కాకపోయినా నిమిషాల్లో లాగేసే బ్లాస్ట్ చిల్లర్ ఉంది. అయితే ఈ యంత్రాలన్నీ చేయగలిగింది మెత్తబరచడం, చల్లబరచడం. పులుపెక్కించే యంత్రం లేదు. ఇడ్లీ పిండిలో సూక్ష్మజీవులు రాత్రంతా చేసే పనిని ఏ కుక్కరూ తొందరపెట్టలేదు. ఆవకాయ కలిపి జాడీలో పెట్టి మూడో రోజు తిరగ కలపకపోతే అది ఆవకాయ కాదు, కారం పట్టించిన మామిడి ముక్కలు. ఉలవచారు చిక్కబడటానికి పొయ్యి మీద ఎంతసేపు కావాలో గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లను అడగండి. ఊర మిరపకాయలు మజ్జిగలో నాని, ఎండలో ఎండి, మళ్లీ నాని, మళ్లీ ఎండాలి. చేపల పులుసు చేసిన రోజు కంటే మర్నాడే బాగుంటుందన్న మాట కోస్తాలో చిన్నపిల్లలకూ తెలుసు, ఆ మర్నాడు స్టూడియోలో లేదు.

హలీమ్ దగ్గర ఈ వైరుధ్యం చట్టం దాకా వెళ్లింది. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో ఒక మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. దానికి పెట్టుకున్న ప్రమాణాల్లో మాంసం, గోధుమల పాళ్లున్నాయి, నెయ్యి నాణ్యత ఉంది, రాగి దేగ్‌చా ఉంది, కట్టెల మంట ఉంది, పన్నెండు గంటలు ఉడకాలన్న నియమమూ ఉంది. అంటే కాలం ఆ వంటలో ఒక దినుసు. గోధుమలు ఎలా తగ్గించకూడదో గంటలూ అలాగే తగ్గించకూడదు. దేశం మొత్తం మీద పేరున్న హైదరాబాదీ వంటవాణ్ణి తెచ్చి స్టూడియోలో నిలబెట్టి గంటలో హలీమ్ చేయమంటే, అతను చేసే మెత్తటి ముద్దకు ఆ పేరు పెట్టే హక్కు అతనికే ఉండదు. పోటీలో ఓడితే అతని చేతకానితనం అంటారు. ఓడించినది గడియారం పెట్టిన షరతు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2018లో బ్రిటన్ మాస్టర్‌షెఫ్‌లో మలేసియాలో పుట్టిన జలేహా కదిర్ ఓల్పిన్ అనే ఆమె నాసి లెమాక్, చికెన్ రెండాంగ్ వండి పెట్టింది. కోడి చర్మం కరకరలాడటం లేదని జడ్జి గ్రెగ్ వాలెస్ తప్పుపట్టాడు. ఆమె పోటీ నుంచి వెళ్లిపోయింది. కొబ్బరిపాలలో మసాలాలతో నెమ్మదిగా మగ్గే కూరలో చర్మం కరకరలాడటమేమిటని మలేసియా అంతా భగ్గుమంది. అప్పటి ప్రధాని నజీబ్ రజాక్, ఎన్నికల్లో ఆయనతో తలపడుతున్న మహతీర్ మొహమ్మద్, ఎందులోనూ ఏకీభవించని ఇద్దరూ ఈ ఒక్క విషయంలో ఒక మాట మీదికి వచ్చారు. దీన్ని చాలామంది తెల్లవాడి అజ్ఞానంగా చూసి నవ్వుకున్నారు. నాకు మాత్రం అందులో మనిషి అజ్ఞానం కంటే ఆ పోటీ నేర్పిన నాలుక కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పెనం మీద కాల్చిన చర్మాలనే రుచి చూసి మార్కులు వేసినవాడికి మంచి కోడి అంటే కరకరలాడే కోడే. నెమ్మదిగా మగ్గినది వాడి లెక్కలో సగం వండినది.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2021లో ఆస్ట్రేలియా మాస్టర్‌షెఫ్ ఫైనల్లో మెల్‌బోర్న్‌కు చెందిన బంగ్లాదేశీ మూలాల కిశ్వర్ చౌధురి పాంతా భాత్ పెట్టింది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి పొద్దున తినే పేదల తిండి. మన చద్దన్నమే. పక్కన బంగాళాదుంప భర్తా, సార్డీన్ చేప. జడ్జీలు మెచ్చుకున్నారు, ఆమె మూడో స్థానంలో నిలిచింది. ఢాకాలోనూ కోల్‌కతాలోనూ జనం ఉబ్బితబ్బిబ్బయ్యారు. చూశారా, గడియారం మీ చద్దన్నాన్నీ రానిచ్చింది కదా అని ఎవరైనా అనవచ్చు. రానిచ్చింది, అయితే చద్ది కాకుండా రానిచ్చింది. తెల్లవారేదాకా ఆగడానికి వీల్లేని చోట ఆమె అన్నపు నీళ్లకు పొగ వాసన పట్టించి, దానికి ‘స్మోక్డ్ రైస్ వాటర్’ అని పేరు పెట్టింది. రాత్రి చేయవలసిన పని పొగ చేసింది. ఆమె తెలివికి దండం పెట్టవలసిందే. కానీ ఆ తెలివి ఖర్చయింది ఎక్కడ? వంటకు మెరుగు పెట్టడంలో కాదు, గడియారం తీసేసుకున్నదాన్ని ఇంకో దారిన తెచ్చుకోవడంలో.

హోటల్లోనూ గడియారం ఉంటుంది కదా, పెళ్లి వంటల్లోనూ ముహూర్తం ఉంటుంది కదా, ఒత్తిడిలో వండలేనివాడు వంటవాడెలా అవుతాడు అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. మన పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర నిలబడే వంటమాస్టారు కంటే గడియారానికి కట్టుబడినవాడు లేడు. పంక్తి లేచే వేళకు వెయ్యి మందికి అన్నీ సిద్ధం కావలసిందే. అయితే అతను ముందురోజు సాయంత్రమే వస్తాడు. కూరగాయలు తరిగించి, పప్పులు నానబోయించి, లడ్డూలు చుట్టించి, తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తాడు. హోటల్లో బిర్యానీ పది నిమిషాల్లో బల్ల మీదికి వస్తుందంటే పొద్దుటి నుంచీ దమ్ మీద ఉంది కనుక. నిజమైన వంటవాడికి గడువు ఉంటుంది, ఆ గడువు దాకా ఉన్న కాలాన్ని ఎలా వాడుకోవాలో నిర్ణయించే అధికారమూ ఉంటుంది. ఏది ముందు, ఏది వెనుక, ఏది నిన్న, ఏది రేపు అని పంచుకోవడమే అతని నేర్పు. పోటీ గడువును ఉంచి ఆ అధికారాన్ని తీసేసింది. ఆ అధికారం సరుకుల గది చూసుకునే బృందం చేతికి వెళ్లింది. కాబట్టి అది పరీక్షిస్తున్నది వంటవాడి నేర్పులో ఒక ముక్కను, మెరుపు వేగాన్ని. ఈ విషయంలో బేక్ ఆఫ్ కొంత నయం. మూడు పరీక్షల్లో రెండింటికి ఏం చేయాలో ముందే చెబుతారు, పోటీదారులు ఇంట్లో పదిసార్లు చేసి చూసుకుని వస్తారు. అయినా అక్కడి రొట్టెల మీద జడ్జీలు తరచూ చెప్పే తీర్పు, పిండి ఇంకా పొంగవలసిందని. పోటీ నడిచే గుడారంలో గడియారం పొంగనివ్వలేదు మరి.

ఇదంతా వినోదం, దీనికింత రాద్ధాంతమా అనేవాళ్లూ ఉంటారు. ఇరవై ఓవర్ల క్రికెట్ వచ్చినంత మాత్రాన ఆట పాడైపోయిందా, చూసేవాళ్లు చూస్తారు అంటారు. ఆ పోలికనే తీసుకుందాం. ఇరవై ఓవర్ల ఆట పక్కన ఐదు రోజుల టెస్టు ఇంకా ఉంది. రోజంతా క్రీజు వదలని ఆటగాణ్ణి ఎవరూ చేతకానివాడనరు. వంటల టీవీలో ఆ టెస్టు మ్యాచ్ లేదు. పెద్ద డబ్బు, పెద్ద తారలు, రాత్రి వేళ ప్రసారం, అన్నీ గంట పోటీలకే. నెమ్మది వంట ఏదైనా కనిపిస్తే అది యూట్యూబ్‌లో చెట్టు కింద కట్టెల పొయ్యి ముందు కూర్చున్న అవ్వ దగ్గర. గుంటూరు జిల్లా మస్తానమ్మ నూరేళ్లు దాటిన వయసులో వండుతుంటే లక్షల మంది కళ్లప్పగించి చూశారు. అంటే నిదానాన్ని చూసే ఓపిక జనానికి లేదన్న మాట అబద్ధం. ఇక వినోదం వినోదంగానే మిగిలిపోతుందా? ఆస్ట్రేలియాలో 2010 ఎన్నికల సమయంలో ప్రధాని జూలియా గిలార్డ్, ప్రతిపక్ష నేత టోనీ అబాట్ల టీవీ చర్చను మాస్టర్‌షెఫ్ ఫైనల్‌తో ఢీకొట్టకుండా గంట ముందుకు జరిపారు. ఒక దేశపు ఎన్నికల చర్చనే పక్కకు జరిపిన కార్యక్రమం ఆ దేశంలో మంచి వంట అంటే ఏమిటో మార్చలేదని నమ్మడం కష్టం.

ఈ పోటీలు చేసిన మేలును కాదనను. 2010లో మొదలైన మాస్టర్‌షెఫ్ ఇండియా తొలి విజేత పంకజ్ భదౌరియా లక్నోలో స్కూలు టీచరు. ఉద్యోగం వదిలి వచ్చి గెలిచింది. ఇంట్లో వండే ఆడవాళ్ల చేతిపనికి వేదిక, పేరు, డబ్బు దొరకవచ్చని దేశానికి అప్పుడే తెలిసింది. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానంటే మొహం చిట్లించే తల్లిదండ్రులు కాస్త మెత్తబడ్డారు. ఎక్కడో మారుమూల వాడే ఆకునూ గింజనూ దేశం మొత్తం గుర్తుపట్టింది. ఇవి చిన్న సంగతులు కావు. అందుకే ఈ పోటీలు వద్దని నేను అనడం లేదు. ఇంటి వంటకు గౌరవం ఇస్తున్నామని చెబుతూ, ఇంటి వంటకు ప్రాణమైన కాలాన్ని గడప బయటే ఆపేయడంలో న్యాయం లేదని మాత్రమే అంటున్నాను.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. చివరి ముద్ద ఎలాగూ చల్లారాకే తింటారు కనుక, చల్లారితే రుచి పెరిగే వంటలకు ఆ బల్ల మీద నిజానికి మొదటి మార్కు రావాలి. గుళ్లో ఆకు దొన్నెలో పెట్టే పులిహోర, దద్ధోజనం అలాంటివే. చింతపండు పులుపు మెతుకుమెతుక్కీ పట్టడానికి పులిహోరకు కాసేపు కావాలి, ఆ కాసేపు కెమెరాల వాళ్లే ఇస్తున్నారు. కానీ దొన్నెలో పులిహోర పళ్లెంలో బొమ్మలా నిలబడదు, తుంచి చూపించడానికి లోపల ఎర్రటి మాంసం ఉండదు. 2021లో జెమినీ టీవీలో మాస్టర్‌షెఫ్ తెలుగు వచ్చింది. సంజయ్ తుమ్మా, చలపతిరావు, మహేశ్ పడాల వంటి చేయి తిరిగినవాళ్లు జడ్జీలు. వంటలు తెలుగువే, గడియారం మాత్రం బయటి నుంచి వచ్చిన ఆ పాతదే. ఇకముందు తెలుగులో ఎవరు ఇలాంటి పోటీ పెట్టినా వాళ్లకు ఒక విన్నపం. పది రౌండ్లలో ఒక్క రౌండు ముందురోజు సాయంత్రం మొదలుపెట్టించండి. పోటీదారులను సొంతంగా పప్పు నానబోసుకోనివ్వండి, పిండి రుబ్బుకోనివ్వండి, పాలు తోడు పెట్టుకోనివ్వండి. రాత్రి ఎవరు ఏం మూతపెట్టి వెళ్లారో కెమెరాతో చూపించండి. పొద్దున మూత తీసే క్షణానికి మీకు కావలసినంత ఉత్కంఠ అక్కడే దొరుకుతుంది. చివర్లో అంట్లు కూడా వాళ్లచేతే తోమించండి.